కరగ దర్గాలో ఎందుకు ఆగుతుంది?

చైత్ర పౌర్ణమి రాత్రి బెంగళూరు పాతపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. చీర కట్టి గాజులు తొడుక్కున్న పూజారి తలమీద మల్లెపూల గోపురం, చుట్టూ ఒర దూసిన కత్తులతో వీరకుమారులు. ద్రౌపదమ్మను నెత్తిన పెట్టుకున్న ఆ ఊరేగింపు కాటన్‌పేటలో హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి, అక్కడ ఆగి మరీ ముందుకు సాగుతుంది. ఎందుకు ఆగుతుందంటే పేటలో కథలకు కొదవలేదు. ఊరేగింపు రద్దీలో మస్తాన్ సాహెబు గాయపడితే గుడివాళ్ళు నయం చేశారనీ, అప్పటినుంచి కరగ తన దగ్గరికి రావాలని ఆయన కోరాడనీ ఒక కథ. హైదర్ అలీ కోట కట్టిస్తున్నప్పుడు ఆయన అక్కడ కూలిపని చేశాడని మరొకటి. ఇప్పుడొక పరిశోధక విద్యార్థి దీనిమీద వ్యాసం రాసి జర్నల్‌కు పంపాలనుకుంటే, ఈ కథలను ఏం చెయ్యాలి? పైకి ఇది రాతపద్ధతికి సంబంధించిన చిన్న సందేహంలా కనిపిస్తుంది గానీ, నమ్మకానికీ సాక్ష్యానికీ మధ్య ఉన్న పాత పేచీ అంతా ఇందులోనే ఉంది.

మామూలుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకరు కథను ఎత్తి చరిత్ర గడిలో వేస్తారు, ఇంకొకరు కట్టుకథని పక్కన పడేస్తారు. మొదటిదాని సంగతి వేళ్ళమీద లెక్కేస్తేనే తేలిపోతుంది. పత్రికల్లో ఈ ఆనవాయితీకి ఒకసారి రెండు వందల ఏళ్ళు, ఇంకోసారి మూడు వందల ఏళ్ళు వయసు కడతారు. బెంగళూరు మట్టికోటను హైదర్ అలీ రాతితో తిరిగి కట్టించింది 1761లో. మస్తాన్ సాహెబు ఆ కోటపనిలో ఉన్నాడన్న మాట నిజమైతే మూడు వందల ఏళ్ళ లెక్క కుదరదు. ఆ లెక్కే నిజమైతే కూలిపని కథ నిలవదు. అయితే ఇంతమాత్రాన కథ కొట్టుకుపోయిందనుకోవడం రెండో పొరపాటు. కథ సాక్ష్యమే. కాకపోతే 18వ శతాబ్దంలో ఏం జరిగిందన్నదానికి కాదు, దాన్ని ఇవాళ చెప్పుకుంటున్నవాళ్ళు ఒకరికొకరు ఏం బాకీ పడ్డామనుకుంటున్నారో దానికి. ఏ మాట దేనికి సాక్ష్యమో విడదీసి చూపమని రచయితను నిలదీయడమే జర్నల్ చేయాల్సిన అసలు పని.

విశ్వాసాన్ని ఇలా తూచడం తప్పనీ, జర్నళ్ళలో తోటి పండితులు చేసే పీర్ రివ్యూ పడమటి దేశాల సరుకనీ అనేవాళ్ళున్నారు. ఈ ఆక్షేపణకు జవాబు మన మీమాంసకులే ఇచ్చారు. వేదంలోని కథలను వాళ్ళు జరిగిన సంగతుల చిట్టాగా చదవలేదు. అర్థవాదమని పేరుపెట్టి, పక్కనున్న విధివాక్యంతో కలిపి చదివితేనే వాటికి ప్రామాణ్యమన్నారు. శబర భాష్యంలో, ఆ తర్వాత కుమారిల భట్టులో ఈ చర్చ ఎంత కటువుగా సాగిందో చూస్తే నేటి సమీక్షకులు మెతకవాళ్ళనిపిస్తారు. ఆ కళ్ళతో చూస్తే కాటన్‌పేటలో విధి అంటే ‘దర్గాలో ఆగాలి’ అన్నది. గాయం కథ దాని అర్థవాదం. దర్గా వైపునుంచి చూసినా అంతే. హదీసు పండితులు ఒక మాట చేతికందగానే అది ఎవరినుంచి ఎవరికి వచ్చిందో ఆ వరుసను, ఇస్నాద్‌ను, ముందు పరీక్షిస్తారు. వరుసలో ఒక్క మనిషి నమ్మదగనివాడైనా హదీసు బలహీనమైపోతుంది. భక్తులైనవాళ్ళే ఇంత తూకం వేశారు.

పరాయి కన్ను వల్ల లాభమూ ఉంది. తమిళనాట ద్రౌపది గుళ్ళలో పోతురాజుతో పాటు ముత్తాల రావుత్తన్ అనే ముస్లిం కావలివాడు కూడా ఉంటాడని ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో మొదలుపెట్టిన ద్రౌపది గ్రంథాల్లో వివరంగా రాశాడు. పోతురాజు మనకు బోనాల్లో ఏటా కనిపించే చుట్టమే. కరగ ఎత్తే తిగళులు తమిళ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళన్న అభిప్రాయాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అమ్మవారి చెంత ఒక ముస్లిం ఉండడం కాటన్‌పేటకంటే పాత ఏర్పాటై, గాయం కథ తర్వాత వచ్చి చేరిందేమో. ఇది ఊహే, ఊహగానే రాయాలి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీరు చుట్టూ హిందువులూ ముస్లింలూ చేసుకునే పండుగ మీద అఫ్సర్ రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. దాంతో పోల్చి చూశావా అని కాటన్‌పేట రచయితను ఒక మంచి సమీక్షకుడు తప్పక అడుగుతాడు. ఆ ప్రశ్న పేటలో ఎవరికీ తట్టదు.

ఇంకో ఆక్షేపణ బరువైనది. 2022లో కరగ దర్గాకు పోకూడదని కొన్ని సంఘాలు పట్టుబట్టాయి. ఆనవాయితీ మారదని గుడివాళ్ళు చెప్పారు, కరగ వెళ్ళింది. ఇలాంటి వేళ ‘ఈ కథ ఈమధ్య పుట్టింది’ అని ఒక జర్నల్ అచ్చు వేస్తే ఆ వాక్యం ఎవరి చేతికి కర్ర అవుతుంది? భయం సబబే. కానీ దర్గాలో ఆగాలన్నవాడూ వద్దన్నవాడూ ఇద్దరూ చరిత్రను దస్తావేజులాగే చూస్తున్నారు. ఆచారం ఎంత పాతదైతే అంత హక్కు అన్నది ఇద్దరి లెక్కా. వందేళ్ళదే అని తేలినా పూజారి దర్గాకు పోవడానికి శాసనం చూసుకుని పోవడం లేదు కదా. దాచిపెడితే కర్ర పోదు, పుకారు చేతికి చిక్కుతుంది.

సమీక్ష లోపాలు లేకుండా లేదు. కన్నడం, తెలుగు, దక్కనీ రాని సమీక్షకుడు ఇంగ్లీషు పుస్తకాల పట్టికను మాత్రమే దిద్దగలడు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్ళ సంగతి సరేసరి. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే ఎత్తేసింది కాబట్టి తొందరపడాల్సిన అవసరమూ తగ్గింది. నృపతుంగ రోడ్డులో మిథిక్ సొసైటీ 1909 నుంచి ఉంది, దానికి త్రైమాసిక పత్రికా ఉంది. కాటన్‌పేట నుంచి ఆటో దూరం. వ్యాసం అక్కడికి పంపినా, ఆక్స్‌ఫర్డ్‌కు పంపినా, దానికి ముందు గుడి పెద్దలకూ దర్గా పెద్దలకూ వాళ్ళ భాషలో ఒకసారి చదివి వినిపించండి. వాళ్ళు కాదన్నచోట మీ వాక్యం కొట్టెయ్యనక్కర్లేదు. కాదన్నారని మాత్రం రాయండి.