ప్లాస్టిక్‌కు ప్రాయశ్చిత్తం

"బాబాయిగారూ, ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీస్తున్నారటగా! ఇంక కవర్లు వాడితే పాపమేముంది?" అని అడిగింది ఎదురింటి అమ్మాయి. ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేసి, ఆ సంస్థను నిలబెట్టిన మహానుభావుడి పేరున్న ఈ ఏ.ఎస్. రావు నగర్‌లోనే స్థిరపడ్డవాణ్ణి. అందుకే ముందు యంత్రం సంగతి చెప్పాను.

గాలి చొరబడని పాత్రలో పాలిథిన్ వేసి 350 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేస్తే పొడవాటి అణువుల గొలుసులు తెగి ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే నూనె. మిగిలిన గ్యాసు ఆ పొయ్యికే పనికొస్తుంది. అడుగున మసి మిగులుతుంది. పీవీసీ మాత్రం వేయకూడదు. అందులోని క్లోరిన్ ఆమ్లమై యంత్రాన్ని తినేస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థలో 2019లో ప్రారంభమైన ప్లాంటు టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిల్ తీసేలా కట్టినది. ప్లాస్టిక్ నుంచి ఇంధనం తీసిన మన హైదరాబాద్ ఇంజినీరు సతీష్ కుమార్ చెప్పిన లెక్కా అంతే, అరటన్నుకు 400 లీటర్ల ఇంధనం. ఈ విద్యంటే నాకు గౌరవం.

ఇక పాపం మాట. భగవన్నామం ఎలాగూ కడిగేస్తుందన్న ధీమాతో పాపం చేయడాన్ని పద్మపురాణం పది నామాపరాధాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. నామానికి శక్తి లేదని కాదు, ఆ శక్తిని పాపానికి పూచీగా పెట్టుకోవడమే అపరాధం. మనుస్మృతి కూడా పశ్చాత్తాపంతో ఆగదు, మళ్లీ చేయననే నిశ్చయం అడుగుతుంది. డీజిల్ వస్తుందిలే అని కవరు పుచ్చుకునే చేతిలో ఆ నిశ్చయం ఎక్కడుంది?

పైగా ఆ పాత్రలో జరిగేది దహనం కాదు. అసలు దహనం తర్వాత ఏ జనరేటర్‌లోనో జరుగుతుంది, నూనెలోని కర్బనం అప్పుడు గాలిలో కలుస్తుంది. ప్లాస్టిక్‌కు అది మోక్షం కాదు, ఇంకో జన్మ. భూమిలోంచి కొత్తగా తోడే చమురును ఆ మేరకు తగ్గిస్తే అది మంచి జన్మేనని ఒప్పుకుంటాను.

నన్ను నిజంగా కలవరపెట్టేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. మాకు ఎంతో దూరం లేదు. చేసినవాడే అనుభవిస్తాడని కదా కర్మసిద్ధాంతం! ఇక్కడ పాలప్యాకెట్ చించింది నా వంటింట్లో, ఆ కంపు పీల్చేది యార్డు పక్క బస్తీలో పుట్టిన పసివాడు. వాడు ఏ జన్మలో ఏం చేశాడని? పూర్వజన్మ మీదికి నెట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ పాత కుప్పను తవ్వి నూనె చేయండి, సంతోషం. కానీ మట్టీ పీవీసీ కలిసిన ఆ చెత్తను ముందు ఎవరో చేతులతో వేరు చేయాలి. నూనె అమ్మిన డబ్బులో తొలి వాటా వాళ్లకు రావాలి, ఆ పసివాడి ఊపిరికి వైద్యమూ అందులోంచే జరగాలి.