మడినీళ్లు

గోదావరీ తీరగ్రామములలో తాతలనాటి దినచర్య రేవుననే ఆరంభమయ్యెడిది. గృహస్థుడు స్నానమాడి, అర్ఘ్యమిచ్చి, పుణ్యాత్ముడై యిల్లు చేరెడివాడు. ఆ యింటి వితంతువు తడిబట్టతో మెట్లెక్కి మోసిన మడినీళ్ల పుణ్యమెవరికి చెందవలెను? వేసవిలో నీటిపాయ దూరమైనప్పుడామె యిసుకలో చెలమ త్రవ్వి, చెంబుతో తోడి, బిందె నింపవలసియుండెను. 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియై కాలువలు పొలములకు పాఱినవి. బిందెమాత్రము ఆమె చంకనే యుండెను. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిన పిదపను బహుగృహములలో నీ యాచారము మాఱలేదు.

నిండుబిందె యెదురగుట శుభశకునమట. వితంతువు ఎదురగుట అపశకునమట. రెండును ఒక్కటిగా వచ్చినప్పుడు మన పెద్దలు బిందెను చూడలేదు, మనిషినే చూచిరి. కాదు, ఆమె బోడితలను చూచిరి. ప్రయాణమునకు బయలుదేఱిన గృహస్థుడు వెనుకకు మరలి, కాళ్లు కడిగికొని, కొంతసేపు కూర్చుండి, దోషపరిహారార్థము మంచినీళ్లు త్రాగెడివాడు. ఆ నీళ్లు ఆమె తెచ్చినవే.