వాంఛ పిలిచినప్పుడు బాధ్యత ఎవరిది?

గత సార్వా పంటకాలంలో ఉయ్యూరు దగ్గర ఒక రైతు సోదరుని పొలానికి వెళ్ళాము. వరిచేలో కర్రలకు ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. ఇవి లింగాకర్షక బుట్టలని కృష్ణా డెల్టా రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పైన చిన్న రబ్బరు ఎర ఉంటుంది. కాండం తొలిచే పురుగు తాలూకు ఆడ రెక్కలపురుగు విడిచే వాసనను మనిషి తయారుచేసి ఆ ఎరకు పట్టిస్తాడు. రెండు పదార్థాలు, ఒకటి మూడు పాళ్ళు, ఇంకొకటి ఒక పాలు, అంతే. మగ రెక్కలపురుగు ఆ వాసన వెంట ఎగిరివచ్చి సంచిలో పడి చస్తుంది. పురుగు ఉనికి తెలుసుకోవడానికైతే ఎకరాకు 3 లేక 4 బుట్టలు, దాన్ని తగ్గించడానికైతే 8 దాకా పెడతారు.

ఆ సోదరుడు ఒక సంచి విప్పి చూపించి ఇలా అడిగారు: "మౌలానా, మందు కొడితే పురుగు చస్తుంది, అది వేరు. దీనికి మాత్రం జోడు ఉందని ఆశపెట్టి చంపుతున్నాం. ఇది దగా కాదా?"

నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు ఇది. ఆ పురుగు పడితే పిలక దశలో మొవ్వు ఎండిపోతుంది, ఈనే దశలో తెల్లకంకి వస్తుంది. హాని చేసే ప్రాణిని చంపడానికి షరీఅత్ అనుమతిస్తుంది, చిత్రహింస పెట్టడానికి అనుమతించదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీకి పడిన శిక్ష సంగతి మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఇక దగా అంటే నమ్మకానికి చేసే ద్రోహం. మాట ఇచ్చిపుచ్చుకునే వారి మధ్యనే అది సంభవిస్తుంది. పురుగుతో మనకు అలాంటి ఒప్పందమేదీ లేదు. పైగా పురుగుమందు సాలీళ్ళనూ, తూనీగలనూ కూడా చంపుతుంది, కాలువల్లోకీ దిగుతుంది. బుట్ట ఆ ఒక్క జాతినే పిలుస్తుంది. మా దృష్టిలో రెండింటిలో బుట్టదే తేలిక లెక్క. ఈ మాటే చెప్పాము.

పక్కనే ఉన్న ఆయన కుమారుడు ఇంటర్ చదువుతున్నాడు. అతను తండ్రి ప్రశ్నను మా వైపు తిప్పాడు. "మౌలానా సాబ్, మగపురుగును వాసన లాగింది, అది వెళ్ళింది. మనిషిని కూడా ఒంట్లోని రసాయనాలే లాగుతున్నాయని అంటున్నారు. అలాంటప్పుడు పాపం ఎవరి ఖాతాలో రాస్తారు?"

అతను ఒక నులిపురుగు గురించి చదివాడట. దాని పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు. కుళ్ళిన పళ్ళలో, ఆకుల్లో బతుకుతుంది. కళ్ళు లేవు. వాటిలో ఎక్కువ భాగం తమంతట తామే సంతానం కనగల ద్విలింగ జీవులు. వాటికి 302 నాడీకణాలు మాత్రమే. మగవి వెయ్యికి ఒకటో రెండో. అంత అరుదైన మగపురుగు మట్టిలో జోడును ఎలా కనుక్కుంటుంది? వాసనతోనే. ద్విలింగ పురుగులు విడిచే ఆస్కరోసైడ్లు అనే పదార్థాలు అతి స్వల్ప మోతాదులో మగపురుగును రప్పిస్తాయని, మోతాదు మించితే ఆ ఆకర్షణే పోతుందని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. (మనుషుల కడుపులో చేరే ఏలికపాము శాస్త్రీయ నామం నుంచే ఆ పదార్థాలకు ఆ పేరు వచ్చింది.) ఇంకా విచిత్రం, ఈ నులిపురుగులను తినే ఒక బూజు ఉంది. అది ఆహారపు వాసననూ, జోడు వాసననూ పోలిన వాసనలు విడిచి వాటిని తన జిగురు వలలోకి రప్పించుకుంటుందని 2017లో తెలిసింది. లింగాకర్షక బుట్ట మనిషి కనిపెట్టక ముందే మట్టిలో ఉందన్నమాట. సుబ్‌హానల్లాహ్!

అబ్బాయికి మేము అదే పురుగు గురించి తెలిసిన మరో సంగతి గుర్తుచేశాము. కడుపు నిండిన మగపురుగు తిండిని వదలి జోడును వెతుక్కుంటూ పోతుంది. దాన్నే పస్తు పెడితే తిండి వాసన పట్టే గ్రాహకం దాని ఒంట్లో ఎక్కువగా తయారవుతుంది, అది తిండి దగ్గరే నిలుస్తుంది. అంటే పురుగు కూడా గుడ్డిగా పోవడం లేదు, రెండు కోరికలను తూకం వేస్తోంది. అయితే ఆ త్రాసు దాని కడుపు చేతిలో ఉంది.

2018, 2019లలో రమజాన్ మే ఎండల్లో వచ్చింది. బెజవాడ వన్‌టౌన్‌లో మూటలు మోసే ఉపవాసి పక్కనే చల్లని నీళ్ళ కుండ ఉంటుంది. అతని ఒంట్లోని ప్రతి కణం నీళ్ళు అడుగుతుంది. చూసేవాడు లేడు. అయినా మగ్రిబ్ అజాన్ దాకా ముట్టుకోడు. దాహం లేక కాదు, రసాయనాలు పనిచేయక కాదు. ఆకలికీ దాహానికీ కోరికకూ బయట నిలబడి "ఇది ఇప్పుడు నాకు ధర్మమేనా?" అని అడిగే శక్తి అతనికి ఉంది. మన ఫిఖ్హ్ పండితులు బాధ్యతను బుద్ధితో ముడిపెట్టింది ఇందుకే. పసివాడికీ, మతి తప్పినవాడికీ తక్లీఫ్ లేదు. కోరిక కలగడం నేరం కాదు, అనుకోకుండా పడిన చూపుకు పట్టుబడి లేదు. లెక్క ఆ తర్వాతి అడుగు నుంచి మొదలవుతుంది.

అబ్బాయి పూర్తిగా ఒప్పుకోలేదు. "అందరికీ ఆ శక్తి ఒకేలా ఉండదు కదా" అన్నాడు. నిజమే. అందుకే తీర్పు మనుషుల చేతిలో కాక మనసులు ఎరిగినవాడి చేతిలో ఉందన్నాము. పైగా బలహీనత తెలిసి ఎర పెట్టేవాడి లెక్క కూడా వేరే ఉంటుంది. పురుగు విషయంలో దగా కాదని చెప్పాము కానీ, మనిషి విషయంలో అదే పని దగాయే. వరునికి లేని ఉద్యోగం ఉన్నట్లు చెప్పడం, ఉన్న జబ్బును దాచడం, మొదటి పెళ్ళి సంగతి నికాహ్ అయ్యాక బయటపెట్టడం. ఇక్కడ ఎదుట ఉన్నది నమ్మి వచ్చే మనిషి. ఆమెకు నిజం తెలుసుకునే హక్కు ఉంది.

అంతవరకూ మౌనంగా వింటున్న ఆ రైతు సోదరుడు సంచి మూతి మళ్ళీ కట్టారు. కుమారుణ్ణి మోటారు ఆపిరమ్మని పంపి, తన పెద్దమ్మాయికి వచ్చిన సంబంధం గురించి అప్పుడు చెప్పారు. అబ్బాయి తరఫువారు ఏదో దాస్తున్నారని ఆయన అనుమానం. గట్టు మీదే కూర్చుని, ఎవరెవరిని విచారించాలో చాలాసేపు మాట్లాడుకున్నాము.