కుండీలోని నందనవనము

తెల్లవారుజామున మన వీథులలో ఒక దృశ్యము కనబడుచుండును. స్నానమాడి, నుదుట తిరుమణి ధరించి, చేత సజ్జ పట్టిన పెద్దలే పొరుగువారి ప్రహరీమీదుగా చేయి చాచి నందివర్ధనములు కోయుచుందురు. అడిగినచో "దేవుని పూజకే గదా!" అందురు. సర్వమును శ్రీమన్నారాయణుని సొత్తే, నిజమే. కాని పొరుగింటి పూలు కోయుటకు ఆ సిద్ధాంతమును సాక్ష్యముగా పిలువవచ్చునా?

శ్రీరంగమున భగవద్రామానుజులు ఒకనాడు, తిరుమలలో నివసించి శ్రీనివాసునకు పుష్పకైంకర్యము చేయగలవారెవరైన కలరా అని శిష్యుల నడిగిరట. కొండమీది చలికి వెరచి అందరును మౌనము వహింపగా, అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలిచిరి. సతీసమేతులై కొండకు వచ్చి, చెరువు త్రవ్వి, తోట వేసిరి. గునపము కథ మీరెరిగినదే. నేను చెప్పదలచినది పూలదొంగల కథ.

ఆ తోటలో రాత్రివేళ పూలు మాయమగుచుండెను. అనంతాళ్వారు కాపు కాచి, రాకుమారుని వంటి యువకుని, ఆతని దేవేరిని చూచిరి. ఆమెను పట్టి చెట్టునకు కట్టివేసిరి. ఆతడు మాత్రము చిక్కక, అప్రదక్షిణముగా పరుగిడి అదృశ్యుడయ్యెను. తెల్లవారి చూడగా స్వామి వక్షఃస్థలమున అమ్మవారు లేదు! అప్పుడు అనంతాళ్వారు ఆమెను పూలబుట్టలో కూర్చుండబెట్టి తెచ్చి, కన్నబిడ్డవలె స్వామికి అప్పగించిరని పెద్దలు చెప్పుదురు. నేటికిని బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు, బాగ్ సవారి పేర స్వామి అప్రదక్షిణముగానే ఆ తోటకు వేంచేయుదురు.

తోట తనదే అయినను, చెప్పక కోసినందులకు స్వామి పరుగిడవలసివచ్చెను. ఇక మన సంగతి యేమి?

"మాకు నేల లేదు, మూడవ అంతస్తులో కాపురము" అందురు. అడుగున రంధ్రములున్న కుండీ చాలును. రంధ్రములపై పెంకుముక్కలు పరచి, ఎర్రమన్ను రెండుపాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒకపాలు, ఇసుక ఒకపాలు కలిపి నింపుడు. ఎండ తగులుచోట తులసి నాటుడు. పైమన్ను ఆరినప్పుడే నీరు పోయవలెను. భక్తి యెక్కువై రోజూ చెంబులకొలది పోసి, వేరు కుళ్లించినవారు పెక్కుమంది కలరు. వెన్నులు వచ్చినపుడెల్ల కోసి స్వామికి సమర్పించినచో మొక్క గుబురుగా పెరుగును. ప్రక్కన మరువము, మల్లె, నందివర్ధనము పెంచవచ్చును. వెడల్పు తొట్టెలో తోటకూర చల్లినచో నెల దినములలోనే కోతకు వచ్చును. దానిని వండి, రుచి చూడక ముందుగా ఆరగింపు చేయుడు.

తిరుమలలో పూలన్నియు స్వామివే. యాత్రికులు సిగలో ధరింపరు. ఇంటిలోను ఒక కుండీని స్వామికే విడువుడు. ఆడపిల్ల మల్లెలు తురుముకొనగోరినచో కసరవలదు, ఆమెకు వేరొక కుండీ ఇండు. ఆండాళ్ ధరించి విడిచిన మాలనే రంగనాథుడు కోరెను గదా యని అడుగుదురేమో. ఆ తల్లి హృదయము మనకున్నచో ఈ నియమములేవియు అక్కరలేదు!

ద్వాదశినాడును, సంధ్య దాటిన పిదపను తులసి కోయరాదు. ముందుగనే కోసి యుంచుకొనవలెను. తులసికి నిర్మాల్యదోషము లేదు. మల్లె పూయని మాసములును ఉండును. ఆ దినములలో ఒక దళము, ఉద్ధరిణెడు తీర్థము సమర్పింపుడు. పొరుగువారి గోడవైపు చూడనక్కరలేదు.