చేతిపనియు దేవుని ఆత్మయు

పఠనభాగము: నిర్గమకాండము 31:1-11

బస్తరు సీమలోని మద్దేడ్‌లో తెలుగు వినబడును. ఆ సీమయందే, ఎద్దు మూపురమువంటి ఆకారమునుబట్టి పేరు పొందిన బైలదిల్లా కొండలున్నవి. 1968 మొదలుకొని అచ్చటి ఇనుపరాయి రైలుమార్గమున విశాఖపట్టణమునకు దిగుచున్నది.

ఇనుము ఉక్కై కర్మాగారము చేరిన పిమ్మట దానికి రూపమిచ్చునది లేతు యంత్రము. రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్. వంటి చోట్ల టర్బైను రోటరు టన్నుల బరువుండును. ఆ మహాభారము తిరుగుచుండగా వ్రేలెడంత టూలు దానిని చెక్కును. చూడవచ్చినవారు యంత్రము నెదుట నోరు తెరచి నిలిచిపోవుదురు, అది సహజమే. కాని టర్నరు దృష్టి దాని పెద్దతనముమీద నుండదు. అతడు కోత శబ్దము వినును, రాలు తునకల రంగు చూచును, మిల్లీమీటరులో నూరవ వంతును మైక్రోమీటరుతో కొలుచును. కొంచెము మిగిలినయెడల మరల కోయవచ్చును. కొంచెము ఎక్కువ కోసినయెడల అనేకుల శ్రమ ఒక్క క్షణములో వ్యర్థమగును.

సంఘములో ఆత్మపూర్ణుడనగానే ప్రసంగీకుడే తలంపునకు వచ్చును. అయితే దేవుని ఆత్మతో నింపబడెనని లేఖనమందు మొదట చెప్పబడినవాడు బెసలేలు. అతడు బంగారు, వెండి, ఇత్తడి పనివాడు. ఈ మాటను తేలికగా దాటిపోరాదు. మరుసటి అధ్యాయములోనే అహరోను పోగర చేతపట్టి దూడకు రూపమిచ్చెను. పనిముట్టునందు దోషము లేదు. కొలత ఎవరిదన్నదే భేదము. బెసలేలు కొండమీద చూపబడిన మాదిరినిబట్టి చేసెను, అహరోను జనుల కేకలనుబట్టి చేసెను.

గుడారపు పని ముగిసిన దినమున మోషే దానినంతయు పరీక్షించి, అది ఆజ్ఞాపింపబడినట్లే యుండుట చూచి, ఆ పనివారిని దీవించెను.