బాలింత కన్నీరు ఎవరి అపరాధము?

ఇరువది యేండ్ల క్రిందట నేను కాపరిగా నున్న ఒక గ్రామములో మూడవ కాన్పైన తల్లిని చూడబోయితిని. పురుడు వచ్చి నెల దాటినది. బిడ్డ ఉయ్యాలలో ఏడ్చుచుండగా ఆమె గోడవైపు తిరిగి పండుకొని యుండెను. "అయ్యగారూ, తిండి తినదు, రాత్రి నిద్రపోదు, బిడ్డను ఎత్తుకొమ్మంటే ఎత్తుకోదు. మీరైనా బుద్ధి చెప్పండి" అని అత్తగారు నాతో అనెను. నేను బుద్ధి చెప్పితిని. దేవుడు బిడ్డనిచ్చెను గదా, కృతజ్ఞత లేక ఏడ్చుట తగునా అని మందలించి, ప్రార్థన చేసి వచ్చితిని. ఆమె మరి ఏడువలేదు. నా యెదుట మాటలాడుటయే మానెను. ఆ మౌనమును నేను విధేయత అనుకొంటిని.

ఈ దుఃఖము నిజముగా అపరాధమా? మొదట దానిని ఎరుగవలెను. కాన్పైన తొలి దినములలో ఊరకనే కన్నీరు వచ్చుట, చిరాకు పడుట సగముకంటె ఎక్కువమంది తల్లులకు కలుగును. గర్భకాలమందు హెచ్చుగా నుండిన హార్మోనులు ఒక్కసారిగా పడిపోవుట అందుకు ఒక కారణము. అది సాధారణముగా రెండు వారములలో తనంతట తానే పోవును. అట్లు పోక, దిగులు నిలిచి, ఆకలి నిద్రలు చెడి, బిడ్డమీద సహితము మనసు పోకున్నయెడల అది కుంగుబాటు అను వ్యాధి. మన దేశమందు జరిగిన 38 పరిశోధనలను కలిపి చూడగా నూటికి 22 మంది తల్లులలో అది కనబడెనని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రకటించెను. మన సంఘములో పదిమంది బాలింతలుంటే, ఇది వారిలో ఇద్దరి మాట.

ఎవరికి ఈ వ్యాధి వచ్చు ప్రమాదము ఎక్కువ? 2002లో ప్రచురింపబడిన గోవా పరిశోధనలో నాలుగు సంగతులు బయలుపడెను: బీదరికము, భర్తతో పొత్తు లేకపోవుట, భర్త చేతి దెబ్బలు, ఆడబిడ్డ పుట్టుట. ఇవిగాక మునుపు కుంగుబాటు వచ్చియుండుట, గర్భిణిగా నున్నప్పుడే దిగులు పట్టుట, బిడ్డ జబ్బుతో పుట్టుట, తోడు లేకపోవుట కూడ కలవు. ఈ వరుసను మెల్లగా మరల చదువుడి. ఇందులో ఆ తల్లి చేసిన దోషమేది? బిడ్డ ఆడదో మగదో తండ్రి బీజమువలననే నిర్ణయమగును. అయినను "మళ్లీ ఆడపిల్లేనా" అను మాట తల్లి చెవినే పడును.

అయితే హేతువు వేరు, అపరాధము వేరు. ప్రేమగల భర్త, కలిగిన ఇల్లు ఉన్నను ఈ వ్యాధి వచ్చిన తల్లులున్నారు. అన్ని కష్టములున్నను రానివారు నున్నారు. కాబట్టి ఆమెను విడిచి ఇంటివారిలో ఒక నేరస్థుని వెదకుట మన పని కాదు. మన చేతిలో నున్న బరువును మనము దించుటయే పని.

అది వ్యర్థప్రయాస కాదు. పాకిస్తానులోని రావల్పిండి ప్రాంతపు పల్లెలలో గర్భకాలమందే కుంగిన తల్లులను ఆరోగ్య కార్యకర్తలు ఇండ్లకు వెళ్లి దర్శించిరి. వారు మనోవైద్యులు కారు, సామాన్య స్త్రీలే. కొందరికి మాత్రము ఎట్లు వినవలెనో, కుంగిన తలంపులనుండి తల్లిని ఎట్లు మరల్చవలెనో నేర్పిరి. 2008లో వెల్లడియైన ఫలితమిది: బిడ్డకు ఆరు నెలలు వచ్చునప్పటికి, నేర్చినవారు దర్శించిన తల్లులలో నూటికి 23 మందియే కుంగుబాటులో నుండిరి. నేర్వనివారు అన్నిమారులే దర్శించిన తల్లులలో నూటికి 53 మంది. వెళ్లుట మాత్రమే చాలదన్నమాట. నేనును వెళ్లితిని గదా!

బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దూత గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. ఆ క్రమము మనకు చాలును. భర్త రాత్రి కొంతసేపు బిడ్డను ఎత్తుకొని ఆమెను నిద్రపోనిమ్ము. అత్తగారు నాలుకను కాచుకొనుడి. సహోదరీలారా, ఆ యింటికి వంట పంపుడి. రెండు వారములు దాటినను దిగులు పోనియెడల ఆశా కార్యకర్తకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సంఖ్య 14416కు ఉచితముగా ఫోను చేయవచ్చును. చావవలెననిగాని బిడ్డకు హాని చేయుదుననిగాని ఆమె అన్నయెడల, లేనివి కనబడుచున్నవి, వినబడుచున్నవి అన్నయెడల, ఒంటరిగా విడువక ఆ దినమే ఆసుపత్రికి చేర్చుడి. మందు మ్రింగుట అవిశ్వాసము కాదు. జ్వరమునకు మ్రింగుటలేదా?

ఆ తల్లిని తరువాత ఆమె అన్న వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. కొన్ని నెలలకు కోలుకొనెను. ఏండ్లు గడచిన పిమ్మట నేను క్షమాపణ అడుగగా ఆమె నవ్వి, "ఆ దినము ఏడుస్తున్న బిడ్డను మీరు కాసేపు ఎత్తుకొనియుంటే చాలునండి అయ్యగారూ" అనెను.

ఇప్పుడు బాలింత యున్న ఇంటికి వెళ్లినప్పుడు నేను మొదట చేతులు కడుగుకొని బిడ్డను ఎత్తుకొందును. మాటలు తరువాత.