ఐదవ పిచ్చుక



ఆకాశ పక్షులను చూడమన్నారు ప్రభువు (మత్తయి 6:26). ఆ వచనంమీద ఎన్నో ఆదివారాలు ప్రసంగించాను. రేపటిని గూర్చి దిగులు పడకండి, తండ్రిమీద భారం వేయండి అని ముగించేవాణ్ణి. చూడండి అన్న మొదటి మాటను మాత్రం నేనే ఒక్కనాడూ పాటించలేదు.

మొన్నటి చలికాలంలో ముదినేపల్లి నుండి కొందరు యువకులతో కలిసి పక్షులను చూడటానికి దివిసీమకు వెళ్ళాను. చీకటితోనే బయలుదేరి గుడివాడ, పామర్రు, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరాం. అక్కడ అటవీశాఖవారి అనుమతితో పడవ ఎక్కి కృష్ణమ్మ పాయలో దిగువకు సాగాం. ఇరువైపులా మడ అడవి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని పడవ నడిపే పెద్దాయన ముందే హెచ్చరించాడు. మొదటి గంటసేపు నాకు ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. మాట్లాడటం ఆపాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. నల్లతల లకుముకిపిట్ట, వడ్రంగిపిట్ట, కొమ్మల చాటున జెముడుకాకి. మౌనధ్యానాలు పెట్టించే గురువుకు మౌనం నేర్పటానికి పిట్టలు కావలసి వచ్చాయి!

మధ్యాహ్నానికి పాటు తీసింది. నీరు వెనక్కి పోయినచోట బురద మైదానం తేలింది. దానిమీద వందలాది ఉల్లంకి పిట్టలు ముక్కులతో బురదను పొడుస్తూ పరుగులు తీస్తున్నాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నది పిచ్చుకంత ఉంటుంది. బరువు సుమారు ముప్పై గ్రాములు. అది సైబీరియా ఉత్తర కొసన, చెట్టు కూడా మొలవని మంచు నేలలో పుట్టి, వేల మైళ్ళు ఎగిరి మన కృష్ణా బురదకు వస్తుంది. పోటు వచ్చేలోగా కడుపు నింపుకోవాలి. అందుకే ఆ తొందర. విత్తవు, కోయవు అన్నమాట నిజమే గాని, అవి సోమరులని ప్రభువు అనలేదు.

మాతో వచ్చిన వారిలో ఒక చేపల చెరువు కాపలా కుర్రవాడున్నాడు. నేను దుర్భిణీలో వెతుకుతుంటే అతడు కూత విని పేరు చెబుతున్నాడు. "ఎలా నేర్చుకున్నావు నాయనా?" అని అడిగాను. తల దించుకున్నాడు. "ఉచ్చులు పెట్టేవాణ్ణి ఫాదరుగారూ. చేపలు తింటున్నాయని యజమాని పట్టమనేవారు. రోడ్డుమీద జతల లెక్కన అమ్మేవాళ్ళం. రెండు జతలు కొంటే రెక్క విరిగినదాన్ని కొసరు ఇచ్చేవాళ్ళం" అన్నాడు.

కొసరు అన్నమాట నన్ను పట్టుకుంది. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు (10:29). లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు (12:6). లెక్కకు నాలుగే రావాలి. ఆ ఐదవది కొసరు. బేరంలో దానికి వెల లేదు. వాటిలో ఒక్కదానిని కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెప్పింది ఆ ఐదింటిని గూర్చే. దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో కూడా ఈ పిచ్చుకలను జ్ఞాపకం చేశారు.

ఇక నా సంగతి. ఒక ఏడాది క్రిస్మసు ముందు ఎవరో కాళ్ళు కట్టిన నీటికోళ్ళను తెచ్చి గురువుల ఇంటి గుమ్మంలో పెట్టారు. వంటమనిషికి ఇచ్చాను. ఎక్కడివని అడగలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వాటిని పట్టవద్దంటుందని తెలియక కాదు. ఆ కుర్రవాడు పడవలో తల దించుకున్నప్పుడు నేనూ దించుకోవలసి వచ్చింది.

తిరుగుదారిలో అతడే తీతువు కథ చెప్పాడు. తీతువు అరిస్తే చావు కబురని మన ఊళ్ళలో భయం. "ఎండాకాలంలో మా చెరువు గట్టుమీద వట్టి నేలపైనే గుడ్లు పెడుతుంది. కుక్క వస్తే గుడ్లకోసం అరుస్తుంది. అంతే" అన్నాడు. గూటిలో తల్లి పిట్టను చూస్తే దానిని పట్టక విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండము (22:6-7) ఆనాడే ఆజ్ఞాపించింది. ఉపదేశం నేను చెప్పవలసింది, అతడు చెప్పాడు.

"ఉచ్చు మానేశాను గాని, పిట్ట దిగితే కూలి కోస్తారు, ఏం చేయమంటారు?" అని గుడివాడ దగ్గర అడిగాడు. అది అతడొక్కడు తీర్చుకోగల చిక్కు కాదు. ఈ పత్రిక చదివేవారిలో చెరువుల యజమానులున్నారు. నష్టం నిజమే, కాదనను. పిల్ల చేపల చెరువుమీద తాళ్ళు, వల కట్టించే ఖర్చు మీది. దానిని కాపలావాని కూలిలో కోయకండి. మాట్లాడటానికి నేనే మీ ఇళ్ళకు వస్తాను.

వచ్చే ఆదివారం పూజ తరువాత కైకలూరు పక్కన ఆటపాకకు వెళుతున్నాం. అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకునే చోటు అది. దారి చూపేది ఆ కుర్రవాడే. పిల్లలను కూడా పంపండి.